ఆటలో అరటిపండు

మా ఊరి పిల్లల బాస్కెట్‌బాల్ లీగు నవంబరు ఆఖర్న మొదలై ఫిబ్రవరి ఆఖరికి అయిపోతుంది. డాలస్‌కి ఉత్తరాన, మొన్నమొన్నటిదాకా గడ్డి మేసే ఆవులు తప్ప ఏమీ లేని చోట లేచిన ఊళ్ళలో మాదొకటి. చలికాలం శనివారాలు ఏ మిడిల్ స్కూల్ జిమ్‌కి వెళ్ళినా ఒకే సందడి. బూట్ల కీచుకీచులు, విజిళ్ళు, గోడవార మడతకుర్చీల్లో అమ్మలూ నాన్నలూ. ఆ కుర్చీల్లో సగం మనవాళ్ళే. ఒక మూల నుంచి "బాల్ ఇవ్వకురా, నువ్వే వెయ్!" అని కేక వినిపిస్తే తలతిప్పి చూడాల్సిన పని లేదు.

దీన్ని రెక్ లీగు అంటారు. ఎవరైనా చేరొచ్చు, ఆట రాకపోయినా పర్లేదు. ఫీజు నూటయాభై డాలర్ల చిల్లర. వారానికి ఒక ప్రాక్టీసు, ఒక ఆట. కోచ్‌లంతా ఆ పిల్లల నాన్నలే, అరుదుగా ఒక అమ్మ. ఎవరికీ పైసా జీతం లేదు. ఇది ముందే చెప్తున్నాను, ఎందుకంటే తర్వాత నేను చెప్పబోయే గొడవంతా దీన్నించి పుట్టిందే.

నాలుగైదు తరగతుల ఆడపిల్లల విభాగంలో ఆట 32 నిమిషాలు. ఎనిమిదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు. మా అమ్మాయి జట్టులో పదిమంది. కోర్టులో ఐదుగురు. 32 నిమిషాలు ఇంటూ ఐదుగురు, 160. పదిమందికి పంచితే తలకి 16. మొదటి మూడు ఆటల్లో మా అమ్మాయి ఆడింది 7, 6, 8 నిమిషాలు. కోచ్ గారి అమ్మాయి ఆడింది 32, 30, 32. ఈ అంకెలు నేను ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కిరాణా చీటీ వెనకాల రాసుకున్నవి. "నువ్వు ఆట చూడ్డానికి వచ్చావా, ఆడిట్ చెయ్యడానికి వచ్చావా?" అన్నాడు మా ఆయన. నేను చేసే ఉద్యోగం అదే. శనివారం కదా అని కళ్ళు మూసుకోవు.

లీగు నియమాల పుస్తకంలో దీని గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. పిల్లలందరికీ 'అర్థవంతమైన సమయం' ఆడే అవకాశం ఇవ్వాలట. ఆ అర్థం ఎంతసేపో ఎవరూ రాయలేదు. రాయడం కుదరని విషయం కాదు. 1964లో కాలిఫోర్నియాలో మొదలైన ఏవైఎస్‌వో అనే పిల్లల సాకర్ సంస్థ, ప్రతి పిల్లా ప్రతి ఆటలో కనీసం సగం ఆడాల్సిందేనని మొదటి సూత్రంగా పెట్టుకుంది. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో ప్రతివాడూ కనీసం ఒకసారి బ్యాటు పట్టాలి, వరసగా ఆరు అవుట్లు పడేదాకా ఫీల్డులో ఉండాలి. అంకె ఉంటే అడగొచ్చు. 'అర్థవంతం' అని ఉంటే ఏమని అడుగుతాం?

నేను ఈ ఆట ఆడినదాన్ని. కడప జిల్లాలో మేము చదివిన బడిలో సిమెంటు కోర్టు ఉండేది. ఒకవైపు బోర్డు చెక్కది, వానకి ఉబ్బి బంతిని ఇష్టమొచ్చిన దిక్కుకి తోసేది. మోకాళ్ళ మీద మచ్చలు ఇంకా ఉన్నాయి. జిల్లా సెలక్షన్లకి ఒకసారి వెళ్ళాను. ఆ రోజు గ్రౌండుకే రాని అమ్మాయి పేరు మర్నాడు జాబితాలో కనిపించింది. ఎవరి తాలూకో అందరికీ తెలుసు. మా పీఈటీ సారు జాబితా చూసి చేతులు దులుపుకుని, "పోనీలేమ్మా, పదండి, బస్సుకి టైమైంది" అన్నాడు. దానికి మనకో పేరుంది, పైరవీ. పేరుంది కాబట్టి చూస్తే గుర్తుపడతాం, గుర్తుపట్టి ఊరుకుంటాం. చదువు దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళకి పరీక్ష మీద అంత భక్తి ఉండటానికి కారణం కూడా ఇదేననుకుంటాను. ఎంసెట్‌కి ఒక కీ ఉండేది, ఎవడి కూతురన్నది ఆ కీకి తెలిసేది కాదు.

ఇక్కడ జరిగేదాన్ని పైరవీ అనలేం. ఇక్కడివాళ్ళు దీన్ని 'డాడీ బాల్' అని నవ్వుతూ అంటారు. నాన్న కోచ్ అయితే కూతురు పాయింట్ గార్డు. బంతి తెచ్చేదీ తనే, వేసేదీ తనే. అందులో ఎవరూ ఎవరికీ ఫోను చెయ్యలేదు, ఎవరి చెయ్యీ తడపలేదు. మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి ముందే బయటపడి, కారు డిక్కీలో డజను బంతులు వేసుకుని, పదిమంది పరాయి పిల్లలకి గంటసేపు లేఅప్‌లు నేర్పే మనిషి ఆయన. ఆఖరి ఆట తర్వాత పిజ్జాలు కూడా ఆయన డబ్బులతోనే. ఇన్ని చేస్తే ఆయనకి దక్కే జీతం ఒక్కటే, తన కూతురు ఆడుతుంటే చూసుకోవడం. ఆ జీతం మిగతా పిల్లల నిమిషాల్లోంచి చెల్లుతోంది. అన్యాయం అని గట్టిగా అనబోతే గొంతు అడ్డం పడుతుంది. అనకుండా ఉంటే పక్కన బెంచీ మీద కూచున్న పిల్ల మొహం కనిపిస్తుంది.

గోడవార కుర్చీల్లో దీని గురించి చర్చ జరగలేదని కాదు. వాట్సాప్ గ్రూపులో రాత్రి పదింటి దాకా జరిగేది. పొద్దున కోచ్ ఎదురైతే అందరూ నవ్వుతూ "గుడ్ గేమ్" అనేవాళ్ళు. మన పిల్లలకి హైటేదండీ అని ఒకరు. గంటకి యాభై డాలర్లిచ్చి ప్రైవేటు ట్రైనర్ని పెట్టుకున్నారు ఇంకొకరు, పిల్ల బాగా ఆడితే ఆయనే ఆడిస్తాడని. మా వీధి చివర ఉండే ఒకాయన నాకు నిక్కమైన సలహా ఇచ్చాడు. "టెన్నిస్‌లో పెట్టండి మేడమ్. అందులో కోచ్ కూతురుండదు."

మనం ఇండియన్లమని కూచోబెడుతున్నారా అన్న అనుమానం గ్రూపులో ఎవరో లేవదీశారు. నాకు రాలేదంటే అబద్ధం. అయితే నా కిరాణా చీటీ ఆ మాట చెప్పలేదు. పది నిమిషాల లోపు ఆడేవాళ్ళు నలుగురు. అందులో ఇద్దరు మనవాళ్ళు, ఒకమ్మాయి తెల్లపిల్ల, ఒకమ్మాయి మెక్సికన్ కుటుంబం. ఎక్కువ ఆడే వాళ్ళలో రెండో స్థానం ఒక తెలుగమ్మాయిది. ఆ పిల్ల తండ్రి అసిస్టెంట్ కోచ్.

ఈ అసిస్టెంట్ కోచ్ అనే పదవిలో పెద్ద కిటుకుంది. సీజన్ ముందు ఒక ఆదివారం పిల్లలందరినీ జిమ్‌కి పిలిచి, నంబర్లు అంటించి, డ్రిబుల్ చేయించి, షాట్లు వేయించి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులేస్తారు. తర్వాత ఒక రాత్రి కోచ్‌లంతా కూచుని వంతులవారీగా పిల్లల్ని ఎంచుకుంటారు. దీన్ని డ్రాఫ్ట్ అంటారు. కోచ్ పిల్ల ఎలాగూ కోచ్ జట్టులోనే, అది సహజం. అసిస్టెంట్ పిల్ల కూడా అదే జట్టుకి వస్తుంది. అంచేత తెలివైన కోచ్ ముందుగా వెతుక్కునేది మంచి అసిస్టెంట్‌ని కాదు, మంచి ఆటగత్తెకి తండ్రి అయినవాణ్ణి. ఆ తండ్రికి బాస్కెట్‌బాల్ తెలియకపోయినా పర్లేదు, నీళ్ళ సీసాలు అందిస్తే చాలు. డ్రాఫ్ట్ మొదలయ్యే ముందే రెండు ఐదు-మార్కుల పిల్లలు ఒక జట్టులో చేరిపోతారు. నియమం ఎక్కడా తప్పలేదు.

ఇది విన్నప్పుడు నాకు మా వీధిలో ఉద్దులు గుర్తొచ్చాయి. ఈ మాట అన్నిచోట్లా ఉందో లేదోగానీ, మా కడప వైపు జట్లు పంచుకోవడానికి ఉద్దులు పట్టేవాళ్ళం. ఉద్ది అంటే నీకు సరిజోడు. ఇద్దరు నాయకులు అరుగు మీద కూచుంటారు. మిగతా పిల్లలు తమకి సమానంగా ఆడే జోడీని తామే చూసుకుని, భుజాల మీద చేతులేసుకుని దూరంగా పోతారు. అక్కడ గుసగుసగా చెరొక పేరు పెట్టుకుంటారు. తిరిగొచ్చి, "మల్లెపువ్వు కావాలా, బంతిపువ్వు కావాలా?" అని అడుగుతారు. నాయకుడు బంతిపువ్వు అంటాడు. ఎవరు బంతిపువ్వో వాడికి తెలీదు. బాగా ఆడేవాళ్ళ జోడీలోంచి ఒకరు ఇటు, ఒకరు అటు. అంతంతమాత్రం వాళ్ళలోంచి ఒకరు ఇటు, ఒకరు అటు. తమ్ముణ్ణి ఎంచుకుందామన్నా కుదరదు. ఎవరికెవరు ఉద్దో తేల్చుకోవడంలో కొట్లాటలుండేవి, అది వేరే సంగతి. "నేను దానికి ఉద్దా? ఛీ" అని ఏడ్చుకుంటూ ఇంటికి పోయిన సందర్భాలు నాకే ఉన్నాయి. కానీ పెద్దవాళ్ళెవరూ లేకుండా, కాగితం ముక్క లేకుండా, ఎనిమిదేళ్ళ పిల్లలు చేసుకున్న ఆ ఏర్పాటు మా లీగు వాళ్ళ ఎక్సెల్ షీటు కన్నా గట్టిది.

బాస్కెట్‌బాల్ పుట్టినప్పుడు బెంచీయే లేదు. 1891 డిసెంబరులో, మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ ట్రైనింగ్ స్కూల్లో జేమ్స్ నైస్మిత్ అనే కుర్ర ఉపాధ్యాయుడికి ఒక క్లాసు అప్పగించారు. బయట మంచు, లోపల విసుగెత్తిన 18 మంది విద్యార్థులు. రెండు పీచుపళ్ళ బుట్టలు బాల్కనీ రైలింగుకి కొట్టించి, 13 నియమాలు టైపు చేయించి గోడకి అంటించాడు. వైపుకి తొమ్మిదిమంది చొప్పున ఆడించాడు. ఎందుకు తొమ్మిది? క్లాసులో ఉన్నది 18 మంది కాబట్టి. ఎవరూ కూచోవాల్సిన పని లేకుండా. మొదటి ఆటలో పడింది ఒకే ఒక్క గోల్. జట్టుకి ఐదుగురు అన్నది తర్వాత కొన్నేళ్ళకి స్థిరపడింది. ఇదే నైస్మిత్ తర్వాత కాన్సస్ యూనివర్సిటీలో కోచ్‌గా చేశాడు. 55 గెలిచి 60 ఓడాడు. ఆ యూనివర్సిటీ జట్టు చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఆ ఆటని కనిపెట్టినాయనొక్కడే.

ఆడపిల్లల సంగతి ఇంకోలా నడిచింది. మరుసటి ఏడాదే సెండా బెరెన్సన్ అనే ఆమె స్మిత్ కాలేజీలో అమ్మాయిలకి ఈ ఆట నేర్పింది. అమ్మాయిలు అలిసిపోకూడదని కోర్టుని మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్ళే ఉండాలంది. దాని వారసత్వంగా అయోవాలో బడిపిల్లలు ఆరుగురేసి ఆడేవాళ్ళు. ముగ్గురు ఒక సగంలో, ముగ్గురు ఇంకో సగంలో. మధ్య గీత దాటకూడదు. గార్డుగా ఆడే అమ్మాయి బడి అయిపోయేదాకా ఒక్క బుట్టా వెయ్యకుండా వెళ్ళిపోవచ్చు. ఇది ఎప్పటి మాటో అనుకునేరు, 1993 దాకా నడిచింది. మా అమ్మాయి ఆ ఏడెనిమిది నిమిషాలు ఆడేటప్పుడు నాకు ఆ గీత కనిపించేది. "కార్నర్‌లో నిలబడు" అని చెప్పేవాడు కోచ్. తను నిలబడేది. బంతి కుడివైపు తిరుగుతూ ఉండేది, తను చేతులు చాచి ఎడమ మూల ఉండేది. నా చీటీలో అది కూడా ఆడిన సమయం కిందే పడింది.

ఆ సంక్రాంతికి మా అమ్మ ఇక్కడే ఉంది. ప్రొద్దుటూరులో ఎండకి అలవాటుపడిన మనిషి, జిమ్‌లో రెండు స్వెట్టర్లూ శాలువా కప్పుకుని ముందు వరసలో కూచునేది. రెండు క్వార్టర్లు చూసి నా మోచెయ్యి పొడిచింది.

"ఏం మే, పాపనెందుకు కూచోబెట్టినారు? డబ్బు కట్టలేదా?"

"కట్టినామ్మా."

"మరి ఆటలో అరటిపండు చేసి పెట్టినారే."

నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆ మాట కూడా సరిపోలేదు. మా ఆటల్లో అరటిపండంటే ఎవరు? చెల్లెలో తమ్ముడో నేనూ వస్తానని ఏడిస్తే చేర్చుకునేవాళ్ళం. ముట్టుకున్నా అవుట్ కాదు, దొంగ పెట్టక్కర్లేదు. లెక్కలోకి రాడు, కానీ మాతోపాటే చీకటి పడేదాకా పరిగెత్తేవాడు. ఇక్కడ మా పిల్లకి జెర్సీ ఉంది, నంబరుంది, జాబితాలో పేరుంది. అన్ని లెక్కల్లోనూ ఉంది, పరుగే లేదు.

ఆట అయ్యాక 24 గంటల దాకా తల్లిదండ్రులు కోచ్‌తో ఫిర్యాదులు మాట్లాడకూడదని లీగులో ఒక నియమం. మంచి నియమమే. నేను 26 గంటలు ఆగి ఈమెయిలు రాశాను. విశేషణాలు లేకుండా మూడు ఆటల పట్టిక పెట్టి, కలిసి మాట్లాడదామని అడిగాను. మంగళవారం ప్రాక్టీసు తర్వాత పార్కింగ్‌లో కలిశాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. మా అమ్మాయికి ఇంకా ధైర్యం రాలేదని, తొందరపడి ఆడిస్తే తప్పులు చేసి డీలా పడుతుందని అన్నాడు. ధైర్యం బెంచీ మీద కూచుంటే వస్తుందా అని అడిగాను. అప్పుడాయన మైకేల్ జోర్డన్ సంగతి ఎత్తాడు. హైస్కూల్లో జోర్డన్‌ని జట్టులోకి తీసుకోలేదు, ఆ పట్టుదలతోనే అంతటివాడయ్యాడు అని. బెంచీ మీద ఉన్న ప్రతి పిల్లకీ అమెరికాలో ఈ కథ చెప్తారు. నిజంగా జరిగింది వేరు. 1978లో విల్మింగ్టన్‌లోని లేనీ హైస్కూల్లో పదో తరగతి జోర్డన్‌ని పెద్ద జట్టులోకి కాకుండా జూనియర్ జట్టులోకి తీసుకున్నారు. అక్కడ అతను ఆటంతా ఆడాడు. కూచోబెట్టలేదు, ఆడగలిగే చోటికి పంపారు. ఇది చెప్పేసరికి ఆయన కాసేపు నవ్వి, "మీరు బాస్కెట్‌బాల్ ఆడారా?" అని అడిగాడు. మూడు నెలల్లో ఆ ప్రశ్న నన్నడిగింది ఆయనొక్కడే, అదీ ఆ రోజే.

నేను అడిగింది చిన్నదే. నేర్పడం మీ పని, నిమిషాలు పంచడం ఇంకొకరికి వదిలెయ్యండి. మా వృత్తిలో మొదటి పాఠం ఇది: బిల్లు రాసే చెయ్యీ, చెక్కు మీద సంతకం పెట్టే చెయ్యీ ఒకటి కాకూడదు. ఆ మనిషి దొంగ అని కాదు. ఎంత మంచివాడైనా రెండూ తనే చేస్తే ఏదో ఒకనాడు తన ఇంటివైపు మొగ్గుతాడు, మొగ్గినట్టు తనకే తెలీదు. తన కూతుర్ని 32 నిమిషాలు ఆడిస్తున్నాడని ఆయనకి నిజంగానే తెలీదు. పట్టిక చూసినప్పుడు ఆయన మొహంలో కనిపించింది ఆశ్చర్యమే. నటన అనుకోను.

మర్నాడు జవాబొచ్చింది. సరే, ఆ పని మీరే చెయ్యండి అని. వాలంటీరు అవడానికి లీగు నా మీద నేర చరిత్ర తనిఖీ చేయించింది. తలకి దెబ్బ తగిలితే గుర్తుపట్టడం ఎలాగో ఆన్‌లైన్‌లో పాఠం విన్నాను. క్లిప్‌బోర్డు చేతికొచ్చింది.

లెక్క కష్టమేమీ కాదు. మా లీగులో ప్రతి క్వార్టరు మధ్యలో, నాలుగో నిమిషం దగ్గర, పిల్లల్ని మార్చుకోడానికి బజరు మోగుతుంది. అంటే ఆటకి ఎనిమిది విడతలు. విడతకి ఐదుగురు, మొత్తం 40 చోట్లు. పదిమందికి తలా నాలుగు, కచ్చితంగా 16 నిమిషాలు. ఎవరైనా జ్వరమని రాకపోతే తొమ్మిదిమందిలో నలుగురికి ఐదో విడత, అది వారం వారం మారుతుంది. కోచ్ ఒక షరతు పెట్టాడు, ఏ ఐదుగురు కలిసి ఆడాలో తను చెప్తానని. బలహీనమైన ఐదుగుర్నీ ఒకేసారి దింపితే వాళ్ళకే అవమానం కదా అన్నాడు. న్యాయమైన మాట, ఒప్పుకున్నాను. నేనూ ఒకటి పెట్టాను. ఆఖరి విడతలో ఎవరుండాలన్నది మాత్రం వంతుల ప్రకారం. నిమిషాలన్నీ సమానం కావు. రెండో క్వార్టరులో నాలుగు నిమిషాలు వేరు, అందరూ లేచి నిలబడి అరుస్తున్నప్పుడు నాలుగు నిమిషాలు వేరు.

జనవరిలో మూడు ఆటలు ఇలా నడిచాయి. రెండు గెలిచాం. మా అమ్మాయి కార్నర్ వదిలి బంతి వెంట పడటం మొదలుపెట్టింది. ఎడమచేత్తో లేఅప్ వెయ్యగలుగుతోంది, అది నేను గరాజ్ ముందు నేర్పిందే. ఫిబ్రవరి మొదటి శనివారం వచ్చింది చిక్కు. ఆఖరి విడత మొదలయ్యేసరికి మేం 22-21తో ముందున్నాం. వంతు ప్రకారం దిగాల్సిన వాళ్ళలో అందరికన్నా చిన్నపిల్ల ఉంది. బంతి చేతికొస్తే వేడి పెనం ముట్టుకున్నట్టు ఎవరికో ఒకరికి ఇచ్చేసే పిల్ల. బెంచీ మీదకి రావాల్సిన వాళ్ళలో కోచ్ కూతురుంది, మా అమ్మాయి ఉంది. కోచ్ నా వైపు చూశాడు. నేను క్లిప్‌బోర్డు ఆయన వైపు తిప్పాను. ఆయన ఒక్క మాట అనలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు. 22-24తో ఓడిపోయాం. ఆ చిన్నపిల్ల చేతికి బంతి రెండుసార్లొచ్చింది. ఒకసారి ట్రావెలింగ్, ఒకసారి ఎదుటిజట్టు అమ్మాయి లాగేసుకుంది.

విజిలు ఊదిన కుర్రాడికి పదహారేళ్ళుంటాయి, హైస్కూలు పిల్లాడు, పాకెట్ మనీ కోసం చేస్తాడు. ట్రావెలింగ్ ఇచ్చినందుకు ఇద్దరు తండ్రులు వాణ్ణి తలుపు దాకా వెంబడించి తిట్టారు. అందులో ఒకాయన వాట్సాప్ గ్రూపులో న్యాయం గురించి అందరికన్నా పొడుగ్గా రాసేవాడు. ఇంకొకాయన కాస్త ఆగి నా దగ్గరికొచ్చి, "అక్కా, మీరు మంచి ఉద్దేశంతోనే చేశారు, కాదనను. కానీ గెలవాల్సిన ఆట కదక్కా" అన్నాడు. నవంబరులో ఆయన కూతురు కూడా ఏడు నిమిషాల పిల్లే.

కారెక్కాక మా అమ్మాయి మొదలుపెట్టింది.

"అమ్మా, నేనుంటే గెలిచేవాళ్ళం."

"గెలిచేవాళ్ళేమో."

"మరి ఎందుకు తీసేశావ్?"

"నీ నాలుగు విడతలూ అయిపోయినాయి కదరా."

"దట్స్ నాట్ ఫెయిర్. అప్పుడు నాకు ఆట రాదని కూచోబెట్టారు. ఇప్పుడు ఆట వచ్చు, అయినా కూచోబెట్టావ్."

తను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. తన దృష్టిలో కష్టపడి నేర్చుకున్నదానికి కూలీ రావాలి. బెంచీ మీద ఉన్నప్పుడు నాకు తన వైపు నుంచి కనిపించిన ప్రపంచం ఇప్పుడు తనకే కనిపించట్లేదు, పదేళ్ళ పిల్లకి కనిపించాలని నేను పట్టుబట్టను కూడా. ఇంటికొచ్చి స్నానం చేసి, అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడలేదు. అవ్వ పెట్టిన పప్పన్నం మాత్రం తినేసింది.

నా మాట మీద నేను ఉన్నాను. ఏడో తరగతి నుంచి టెక్సస్ బళ్ళలో స్కూలు జట్లు మొదలవుతాయి. అక్కడ ఎంపిక ఉంటుంది, బాగా ఆడినవాళ్ళే ఆడతారు, అది వాళ్ళ పద్ధతి. అప్పటిదాకా ఎవరు ఏమవుతారో మంగళవారం గంటసేపు చూసే మనిషికెలా తెలుస్తుంది? ఇక్కడ తరగతికి గీటు సెప్టెంబరు ఒకటి. సెప్టెంబరులో పుట్టిన పిల్లా, మరుసటి ఆగస్టులో పుట్టిన పిల్లా ఒకే తరగతి. పదేళ్ళ వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులోనూ తేడా ఉండొచ్చు. కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తా, ఆయనతో పనిచేసినవాళ్ళూ 1985లో హాకీ ఆటగాళ్ళ పుట్టినరోజులు లెక్కేసి చూశారు. అక్కడ గీటు జనవరి ఒకటి, పెద్ద జట్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవాళ్ళు విపరీతంగా ఎక్కువున్నారు. ముందు పుట్టినవాణ్ణి చిన్నప్పుడు బాగా ఆడేవాడనుకున్నారు. అనుకున్నారు కాబట్టి ఎక్కువ ఆడించారు. ఆడించారు కాబట్టి బాగా ఆడాడు. మా చిన్న విడతల పిల్ల పుట్టింది ఆగస్టులో. వాళ్ళమ్మని అడిగి తెలుసుకున్నాను.

ఈ పద్ధతికి ఖరీదు లేదని అనను. సీజన్ చివర పిజ్జా తింటూ కోచ్ చెప్పాడు, వచ్చే ఏడు వాళ్ళమ్మాయిని ట్రావెల్ జట్టులో వేస్తున్నామని. ఏఏయూ ముద్రతో తిరిగే జట్లు అవి. సీజనుకి వెయ్యి డాలర్లు దాటుతుంది, శని ఆదివారాలు వేరే ఊళ్ళలో హోటలు ఖర్చు పైన. అక్కడ సమానం అన్న మాటే ఎవరూ అనరు. నా క్లిప్‌బోర్డు వల్లేనా అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. డబ్బున్నవాళ్ళూ ఆట వచ్చినవాళ్ళూ అటు పోతే, రెక్ లీగులో అందరికీ సమానంగా పంచడానికి మిగిలేది ఏమిటన్న ప్రశ్న నాకు నిద్ర పట్టనివ్వని రాత్రులున్నాయి. అదీగాక కోచ్‌లు దొరకరు. సెప్టెంబరు వస్తే లీగు నుంచి ఈమెయిళ్ళు: మీ అమ్మాయి జట్టుకి ఎవరూ ముందుకి రాకపోతే ఫీజు వాపసు చేస్తాం అని. జీతం లేని మనిషి దగ్గర్నుంచి ఆ ఒక్క జీతం కూడా లాక్కుంటే ఎవరొస్తారు?

అందుకే ఈసారి నిమిషాలతో ఆగలేదు, పైకి వెళ్ళాను. లీగు కమిటీకి ఒక పేజీ రాశాను. అడిగినవి రెండే. 'అర్థవంతమైన సమయం' తీసేసి సగం ఆట అని అంకె పెట్టండి. డ్రాఫ్ట్‌లో అసిస్టెంట్ల పేర్లు జట్లు తేలిన తర్వాతే అడగండి, పిల్లల్ని మార్కుల ప్రకారం జోడీలు కట్టి, పేర్లు చూడకుండా చీటీ తీయించండి. రెండోది ఎక్కడి పద్ధతి అని అడుగుతారేమోనని ఒక పేరా ఉద్దుల గురించి రాశాను. ఇంగ్లీషులో ఆ మాటకి సరైన మాట దొరకలేదు. 'ఈక్వల్' అంటే చాలదు, 'పార్ట్‌నర్' అంటే అసలు కాదు, ఉద్ది ఎప్పుడూ ఎదుటి జట్టులోనే ఉంటుంది కదా. చివరికి 'ఉద్ది' అనే రాసి, కింద వివరం ఇచ్చాను.

అచ్చుతప్పులు చూడమని మా అమ్మాయికి ఇచ్చాను. పెన్సిలు పట్టుకుని చదివి రెండు కామాలు తీసేసింది.

"నాకు ఉద్ది ఎవరు?" అంది.

"నువ్వే చెప్పు."

కోచ్ గారి అమ్మాయి పేరు చెప్పింది. కాసేపాగి, "ఎడమచేత్తో నేనే బెటర్. కానీ తను వెళ్ళిపోతోందిగా" అంది.

కమిటీ సమావేశం వచ్చే నెల పదో తారీఖు, సాయంత్రం ఏడింటికి, లైబ్రరీ వెనక గదిలో. ఎజెండాలో నా కాగితం ఏడోది. జిమ్ అద్దె తర్వాత, జెర్సీల రంగుల ముందు.